తిరగేసిన కోటు

"పది గంటల పూజకి ఆమె వస్తుందా?"

"వస్తుంది."

"నెత్తిన హత్యానేరం పెట్టుకుని కూడా?"

"ఆగ్నెస్ కెల్లెట్ ఏ ఆదివారమూ పూజ మానలేదు. మీకోసం మానదు."

"అయితే చర్చి మెట్ల మీదే అరెస్టు చేస్తాను. ఊరంతా చూస్తుంది. అదీ మంచిదే," అన్నాడు సూపరింటెండెంట్ ఓల్డ్‌రాయిడ్.

ఇన్‌స్పెక్టర్ కత్‌బర్ట్ కాటమ్ చీజు గది గుమ్మంలో నిలబడి నేల చూస్తున్నాడు. రాతిపలకలు శుభ్రంగా ఉన్నాయి, ఒక్కచోట తప్ప. ఆ ఒక్కచోటే నిన్న మధ్యాహ్నం బెర్నార్డ్ వామ్స్‌లీ బోర్లా పడి దొరికాడు. తల వెనక ఎముక పగిలింది. పగలగొట్టింది చీజు ఒత్తే మర తిప్పే ఇనుప కడ్డీ. కడ్డీ ఆగ్నెస్‌ది, మర ఆగ్నెస్‌ది, గది ఆగ్నెస్‌ది. చచ్చినవాడు ఆగ్నెస్ మీద నింద వేసినవాడు.

ఓల్డ్‌రాయిడ్‌కి ఇంతకన్నా అక్కర్లేదు.

వామ్స్‌లీ చీజు వ్యాపారి. లాంకషైర్‌లోని ఈ క్లఫ్‌సైడ్ లోయలో పొలం పొలానికీ తిరిగి కొని ప్రెస్టన్ సంతలో అమ్మేవాడు. సెప్టెంబరు చివర, మైఖేల్మస్ సంత నాటి సాయంత్రం పబ్బులో పదిమంది ముందు ఒక మాట జారాడు. "జేమ్స్ కెల్లెట్ గడ్డి అటక మీంచి జారిపడి చావలేదు. పెళ్ళామే తోసింది." జేమ్స్ పోయి అప్పటికి రెండేళ్ళు. తెల్లారేసరికి ఆ మాట లోయ దాటింది. ఆ ఆదివారం ఆగ్నెస్ చర్చి వాకిట్లో వామ్స్‌లీ చెంప ఛెళ్ళుమనిపించింది. ఒకే ఒక్క మాట అంది. "కాలమ్నీ." అని, లోపలికి పోయి మోకరించింది.

"ముందు చెయ్యి లేచింది. నెల తిరక్కుండా కడ్డీ లేచింది," అన్నాడు ఓల్డ్‌రాయిడ్. "ఇందులో బుర్ర బద్దలు కొట్టుకోవాల్సింది ఏముంది?"

"మరలో ఉన్న చీజు."

"ఉంటే? చీజు గదిలో చీజు ఉండక చేపలుంటాయా?"

కాటమ్ మర బిగింపు వదులు చేసి, బరువురాయి కింద నుంచి గుడ్డ చుట్టిన దిమ్మను బయటికి తీశాడు. గుడ్డ విప్పాడు. రెండు చేతులతో విరిచాడు. తెల్లగా, ఒకే నిగ్గుతో విరిగింది. చిటికెడు నోట్లో వేసుకున్నాడు. పళ్ళ కింద కీచుమంది.

"శుభం. ఫలహారం కూడా అయింది," అన్నాడు ఓల్డ్‌రాయిడ్.

"ఇది ఒక్కరోజు పాలముద్ద, సార్."

"ఏ రోజు పాలు ఆ రోజే. మా యార్క్‌షైర్‌లో అంతే చేస్తాం."

"అందుకే మీది అమ్ముడవ్వాలంటే బేరగాడు కావాలి. ఈ లోయలో మూడు రోజుల ముద్దలు కలిపి గాని మరలో పెట్టరు. పాతది పులుపిస్తుంది, కొత్తది వెన్నలా కరుగుతుంది. విరిస్తే రెండు రంగులు కనబడాలి. అటు చూడండి." అలమర మీద గుడ్డ కప్పిన గిన్నె ఉంది. గుడ్డ తీశాడు. "ఇది శుక్రవారం ముద్ద. ఎవరూ ముట్టలేదు. నిన్నటి ముద్దని ఒక్కదాన్నే ఎత్తి మరలో కూరారు. ఆగ్నెస్ చెయ్యి ఇలాంటి పని చెయ్యదు."

"మనిషిని చంపిన ఆడది ముద్దల లెక్క చూస్తుందా? కంగారులో ఒత్తింది."

"ఎందుకు ఒత్తింది?"

"పని చేసుకుంటున్నట్టు కనబడడానికి."

"అంటే, హత్య జరిగిన గదిలో తాను ఉన్నానని తానే సాక్ష్యం తయారు చేసుకుందా?"

ఓల్డ్‌రాయిడ్ పైపు తీసి పళ్ళ మధ్య పెట్టుకున్నాడు. వెలిగించలేదు.

ఆగ్నెస్ వంటింట్లో అద్దం ముందు టోపీ సవరించుకుంటోంది. నలభై దాటిన మనిషి. నిటారుగా ఉంటుంది. పోలీసులు లోపలికి వస్తే కుర్చీ చూపించలేదు.

"నిన్న పొద్దున ఎక్కడున్నావు, ఆగ్నెస్?" అన్నాడు కాటమ్.

"నిన్ననే చెప్పాను. పాలు పితికి, విరగబెట్టి, కొండెక్కాను. పెయ్య కంచె దూకింది."

"నిన్ను చూసినవాళ్ళు?"

"పెయ్య చూసింది."

"ఎప్పుడు దిగావు?"

"మధ్యాహ్నం పన్నెండింటి ఏంజెలస్ గంట కొండ మీదే విన్నాను. ప్రార్థన చెప్పుకుని దిగాను. నేను వచ్చేసరికి నా గదిలో శవం, నా వాకిట్లో మీరు."

డాక్టరు లెక్క ప్రకారం వామ్స్‌లీ ఏంజెలస్ గంటకి చాలా ముందే పోయాడు.

"మరలో చీజు ఎవరు పెట్టారు?"

ఆమె చెయ్యి టోపీ మీదే ఆగిపోయింది. "మరలో చీజు ఉందా?"

"ఉంది."

"ఇవాళ్టి పాలు కలిస్తే గాని మూడు ముద్దలు కూడవు. ఎవడు ముట్టాడు నా మర?"

హత్య సంగతి విన్నప్పుడు కూడా ఆ గొంతులో ఇంత కోపం లేదు. అది నటన కాదని కాటమ్‌కి తెలుసు. లోయలో ఆడవాళ్ళు మొగుణ్ణి క్షమిస్తారు, మరని ముట్టినవాణ్ణి క్షమించరు.

ఓల్డ్‌రాయిడ్ ముందుకొచ్చాడు. "చూడమ్మా. నీ మీద అంత మాట పడింది. నువ్వు ఎవరికీ సంజాయిషీ చెప్పలేదు. కాదని ఒక్కరితోనైనా అనలేదు. ఎందుకు?"

"అన్నాను."

"చెంపదెబ్బ కొట్టావు."

"ఆ తరవాత అన్నాను. ఒక్క మాట. మా ఊరికి అది చాలు." ఆమె చేతితొడుగులు తీసుకుంది. "నిందపడ్డవాళ్ళు గడప గడపకీ తిరిగి నేను కాదు మొర్రో అంటుంటే, నింద వేసినవాడు కాళ్ళు బారజాపుకుని కూచుంటాడు. వాడు రావాలి నా గడపకి. వచ్చి వెనక్కి తీసుకోవాలి. అంతవరకు నేను తల దించను."

"ఉరికంబం దగ్గర కూడానా?"

"అక్కడ తలారి దించుతాడు. నేను దించను."

ఆమె ప్రాణం ఒక్కటే కాదు తక్కెడలో ఉన్నది. పొలం దొరగారిది. కౌలు నవంబరులో, మార్టిన్‌మస్ పండక్కి తిరగరాస్తారు. మొగుణ్ణి చంపిందన్న పేరున్న ఆడదానికి దొర రాయడు. ఆమె తరవాత హక్కు జేమ్స్ తమ్ముడు హ్యూది.

ఆ హ్యూ పశువుల కొట్టంలో వదిన ఆవుల పాలు పితుకుతున్నాడు. పెద్ద చేతులు, నవ్వు మొహం. ప్రెస్టన్ రోడ్డు మీద కొత్తగా పెట్టిన డెయిరీలో పని, చీజు ఒత్తడం, లారీ తోలడం. కాటమ్‌ని చూసి పాలబకెట్టు పక్కకి జరిపాడు.

"రా, కత్‌బర్ట్ అన్నా. మీరూ రండి దొరా, పేడ చూసుకుని. వదిన చేతులు ఆడే స్థితిలో లేవు. ఆవులకేం తెలుసు హత్యలు, పొదుగు నిండితే అరుస్తాయి."

"నిన్న పొద్దున ఎక్కడ?"

"డెయిరీ లారీలో. మధ్యలో టైరు పంక్చరైంది. ఒక్కణ్ణే మార్చుకున్నాను. నీ అదృష్టం, అన్నా, సాక్షి లేడు, నన్ను కూడా అనుమానించవచ్చు." పకపకా నవ్వాడు. నవ్వి, గొంతు తగ్గించాడు. "ఒక మాట చెప్పనా? వదినకి ఎదురుగా చెప్పడం నాకు ఇష్టం లేదు. శుక్రవారం బెర్నార్డ్ కలిశాడు. ఫాదర్ దగ్గర పాపం ఒప్పుకున్నాడట. ఇవాళ పూజకి ముందు చర్చి వాకిట్లో నిలబడి వదినని నాలుగు మంచి మాటలు పొగుడుతానన్నాడు. తాను చేసింది డిట్రాక్షన్ అన్నాడు."

కాటమ్ కదల్లేదు. "డిట్రాక్షన్ అన్నాడా? ఆ మాటే?"

"ఆ మాటే. నా చెవులతో విన్నాను. ఏం చెయ్యను, అడిగావు కాబట్టి చెప్పాల్సి వచ్చింది."

"నేను అడగలేదు, హ్యూ."

హ్యూ మళ్ళీ నవ్వాడు. ఈసారి నవ్వు పొట్టిగా వచ్చింది. బకెట్టు ముందుకి లాక్కున్నాడు.

బయటికి రాగానే ఓల్డ్‌రాయిడ్ మోచెయ్యి పట్టుకున్నాడు. "ఏమిటా మాట? విన్నప్పుడు నీ మొహం మారింది. ఆమె ఒక మాట అంది, వీడు ఒక మాట అన్నాడు. రెండూ చాడీయే కదా?"

"మీ చాపెల్లో చాడీ అంటే చాడీ. మా కాథలిక్కులకి అలా కుదరదు. పాఠం నేర్పేటప్పుడే బెత్తంతో వేరు చేసి నేర్పుతారు." కాటమ్ నడుస్తూనే చెప్పాడు. "ఒకరి తప్పు నిజంగా ఉంది. నీకు తెలుసు. చెప్పనక్కర్లేని చోట చెప్పి వాళ్ళ పరువు తీశావు. అది డిట్రాక్షన్. మాట నిజం, కాబట్టి వెనక్కి తీసుకోలేవు. తీసుకుంటే అది ఇంకో అబద్ధం. అందుకని వాళ్ళలో ఉన్న మంచి నలుగురికీ చెప్పి పాపం తీర్చుకోవాలి."

"మరి ఆమె అన్నది?"

"కాలమ్నీ. లేని తప్పు అంటగట్టడం. నిలువునా అబద్ధం. దానికి పొగడ్తలు పనికిరావు. మాట వెనక్కి తీసుకోవాల్సిందే, ఎంతమంది ముందు అన్నాడో అంతమంది ముందు. మా ఊళ్ళో ఎవరూ కోపంలో ఆ మాట వాడరు, సార్. లంజకొడకా అంటారు, దొంగా అంటారు, పందీ అంటారు. కాలమ్నీ అనరు. అంటే ప్రమాణం చేసినట్టే."

ఓల్డ్‌రాయిడ్ ఆగాడు. అతను మొండివాడే గాని మొద్దు కాదు. "అంటే హ్యూ చెప్పినదాన్ని బట్టి చూస్తే..."

"జేమ్స్‌ని ఆగ్నెస్ చంపిన మాట నిజమేనని వామ్స్‌లీ పూజారి ముందు ఒప్పుకున్నట్టు. ఊళ్ళో ఎవరు విన్నా అదే అర్థం చేసుకుంటారు. ఒక్క మాటతో రెండు హత్యలూ ఆమెకి కట్టాడు."

"పూజారిని అడుగు."

"పాపసంకీర్తనంలో విన్నది ఫాదర్ చెప్పడు. అడిగితే నన్ను బయటికి గెంటుతాడు. గెంటాలి కూడా."

"అయితే చచ్చినవాడు ఏం చెప్పుకున్నాడో మనకి తెలిసే దారి లేదు."

"ఉంది. రండి."

బండికొట్టంలో బల్ల మీద వామ్స్‌లీ బట్టలు పరిచి ఉన్నాయి. బయట కాస్త దూరంలో కానిస్టేబుల్ కాపలా ఉన్నాడు. కాటమ్ కోటు ఎత్తాడు. గోధుమరంగు ఉన్ని కోటు. ఆదివారాలకి వేసుకునేది. శవం మీద ఉన్నప్పుడు బొత్తాలన్నీ పెట్టి ఉంది.

"నెత్తురు ఎక్కడుంది, చూడండి."

ఓల్డ్‌రాయిడ్ కాలరు చూశాడు. వీపు చూశాడు. పైన బట్ట మీద ఒక్క చుక్క లేదు. కాటమ్ కోటు విప్పి లోపలి వైపు తిప్పాడు. ఊదారంగు లోపలిగుడ్డ. మెడ దగ్గర నుంచి వీపు సగం దాకా నల్లగా ఎండిన చార. భుజం మీద గోడసున్నం గీత.

ఓల్డ్‌రాయిడ్ పైపు జేబులో పెట్టుకున్నాడు. రెండుసార్లు కోటు అటూ ఇటూ తిప్పాడు. "దెబ్బ తగిలినప్పుడు కోటు తిరగేసి ఉంది," అన్నాడు చివరికి.

"ఉంది."

"తరవాత ఎవడో విప్పి, సరిగ్గా తిప్పి, మళ్ళీ తొడిగాడు. శవానికి. ఎందుకు?"

"మా లోయ ఆచారం. కాలమ్నీ చేసినవాడు కోటు తిరగేసి వేసుకోవాలి. 'నా మాట నేను తిరగేశాను' అని దాని అర్థం. ముందు ఈ మాట ఎక్కడ పుట్టిందో వాకబు చెయ్యాలి. తరవాత నిందపడ్డవాళ్ళ గడపకి వెళ్ళి క్షమాపణ అడగాలి. ఆ ఆదివారం చర్చి వాకిట్లో నిలబడాలి. ఆ మాట మోసినవాళ్ళందరూ వచ్చి కోటు ముట్టుకుని, తమకి ఎవరు చెప్పారో చెప్పాలి. అలా అలా అది పుట్టిన నోటి దగ్గరికి చేరాలి. డిట్రాక్షన్‌కి కోటు తిరగెయ్యరు."

"నువ్వు చూశావా ఎప్పుడైనా?"

"మా నాన్న నిలబడ్డాడు. నాకు అప్పుడు ఏడేళ్ళు. పక్క పొలంవాడికి గొర్రెదొంగతనం అంటగట్టాడు. గొర్రె దొరికింది. వానలో, కోటు తిరగేసుకుని, ఊరంతా వచ్చేదాకా నిలబడ్డాడు. అమ్మ సిగ్గుపడి ఏడ్చింది. నేను ఏడవలేదు. ఆ రోజు నుంచి చచ్చేదాకా మా నాన్న మాటకి ఈ లోయలో ఎదురులేదు."

ఓల్డ్‌రాయిడ్ గడ్డం గోక్కున్నాడు. "కోటు సంగతి ఒప్పుకుంటాను. కానీ దాన్ని సరిచేసిన చెయ్యి ఆమెది ఎందుకు కాకూడదు?"

"నెల రోజులుగా ఆమె ఎదురుచూస్తున్నది ఆ కోటు కోసం. అది గడపలోకి వస్తే చంపుతుందా? చంపినా, కోటు అలాగే ఉంచితే ఆమె పేరు కడిగినట్టే. దాన్ని సరిచేస్తే మాసినట్టే. సరిచేసినవాడికి కావలసింది ఆ మాట బతికి ఉండడం. వాడు ఈ ఊరివాడు, కోటు అర్థం తెలుసు. ఆమె ఆ గదిలోనే ఉన్నట్టు కనబడాలని ముద్ద ఒక్కరోజుది ఎత్తి ఒత్తాడు, ఏ రోజు పాలు ఆ రోజే ఒత్తే డెయిరీలో చెయ్యి తిరిగినవాడు. వామ్స్‌లీ డిట్రాక్షన్ అన్నాడని మనం అడక్కుండానే చెప్పాడు."

"హ్యూ."

"హ్యూ."

"జడ్జి ముందు చెబుతావా ఈ కథ? కోటు తిరగెయ్యడం, పాలముద్దల వయసు? నవ్వుతారు, కాటమ్. నాకు ఒక మనిషి నోటి సాక్ష్యం కావాలి. అది దొరికేదాకా శవం ఆమె గదిలోదే."

"అయితే జడ్జికి చెప్పను. ఊరికి చెబుతాను." కాటమ్ తన కోటు విప్పి, కానిస్టేబుల్‌ని పిలిచి అతని చేతిలో పెట్టాడు. వామ్స్‌లీ కోటు తిరగేసి చేతులు దూర్చాడు.

"ఏయ్! అది సాక్ష్యం!"

"అందుకే తీసుకెళ్తున్నాను."

"ఉద్యోగం ఊడుతుంది."

"ఉద్యోగం మీదే, ఉంచుకోండి. కోటు మా ఊరిది."

ఇద్దరూ ఎదురెదురుగా నిలబడ్డారు. కానిస్టేబుల్ ఎటు చూడాలో తెలియక కోడిపుంజుని చూశాడు. చివరికి ఓల్డ్‌రాయిడ్ పక్కకి తప్పుకున్నాడు.

"పూజ గంట ఆగేదాకా," అన్నాడు. "ఆ తరవాత ఆమెనీ తీసుకెళ్తాను, నిన్నూ తీసుకెళ్తాను. లాంకషైర్‌వాడికి బేడీ వెయ్యాలని చిన్నప్పటి నుంచీ కోరిక."

గంట మోగుతోంది. చర్చి వాకిట్లో కాటమ్ ఒంటరిగా నిలబడ్డాడు. టోపీ లేదు. ఊదారంగు లోపలిగుడ్డ ఎండలో కొట్టొచ్చినట్టుంది. మెడ వెనక ఎండిన నెత్తురు గరగరమంటోంది. ముందు వచ్చిన ముసలివాళ్ళు చూసి ఆగిపోయారు. ఒకరి తరవాత ఒకరు టోపీలు తీశారు. పిల్లల్ని తల్లులు దగ్గరికి లాక్కున్నారు. ఎవరూ లోపలికి పోలేదు. ఆగ్నెస్ వచ్చి మెట్ల పక్కన నిలబడింది. ఆమెకి కాస్త దూరంలో హ్యూ, గుండీలన్నీ పెట్టుకుని, జుట్టు తడిపి దువ్వుకుని. గేటు దగ్గర ఓల్డ్‌రాయిడ్.

"ఇది బెర్నార్డ్ వామ్స్‌లీ నిలబడాల్సిన చోటు," అన్నాడు కాటమ్. "అతను నిలబడలేడు గనుక అతని కోటులో నేను నిలబడ్డాను. ఆగ్నెస్ కెల్లెట్ మొగుణ్ణి తోసిందని బెర్నార్డ్ చెప్పింది కాలమ్నీ. ఆ మాట మోసినవాళ్ళు రండి."

గంట మోగుతూనే ఉంది.

ముందుగా కమ్మరి వచ్చాడు. కోటు చెయ్యి ముట్టుకున్నాడు. "బెర్నార్డ్ చెప్పాడు నాకు. నేను మా ఆవిడకి చెప్పాను." వాళ్ళావిడ వచ్చింది. "మా ఆయన చెప్పాడు. నేను... చాలామందికి చెప్పాను." ఎవరో నవ్వబోయి ఆగారు. పోస్టుమాన్ వచ్చాడు. బెర్నార్డ్. రొట్టెలమ్మే అతను వచ్చాడు. బెర్నార్డ్. తలలు వంచుకుని వచ్చారు, ఎత్తుకుని వెళ్ళారు. ఆగ్నెస్ ఎవరివైపూ తల తిప్పలేదు, కానీ ఎవరినీ చూడకుండా వదల్లేదు.

హ్యూ అందరూ తన వంక చూసే క్షణం దాకా ఆగి ముందుకొచ్చాడు. రెండు వేళ్ళతో కోటు అంచు తాకాడు.

"నాకూ బెర్నార్డే చెప్పాడు. సంత నాటి సాయంత్రం, పబ్బులో. నలుగురితో పాటు నేనూ మోశాను. తప్పే."

"ఎవరికి చెప్పావురా?"

ఆ గొంతు మార్జరీ సింగిల్టన్‌ది. పబ్బు ఆమెది. లోయలో సగంమందికి చిన్నప్పుడు చర్చి పాఠం ఆమే చెప్పింది. చేతికర్ర పొడుచుకుంటూ వచ్చి కోటు ముట్టుకుంది.

"నాకు హ్యూ చెప్పాడు," అంది. "గొర్రెల బొచ్చు కత్తిరించే రోజుల్లో."

జనం కదిలారు. గొర్రెల బొచ్చు కత్తిరించేది ఎండాకాలంలో. మైఖేల్మస్ సంత ఎండలన్నీ పోయాక.

"అవ్వా, నీకు మతి తప్పింది," అన్నాడు హ్యూ నవ్వుతూ.

"మతి తప్పితే నీ పద్దు మరిచిపోయేదాన్ని. 'అటక కింద నిలబడి ఉన్నాను, నా కళ్ళతో చూశాను, వదినే తోసింది' అన్నావు. నేను ఎవరికీ చెప్పలేదు. మొన్న బెర్నార్డ్ వచ్చి, ఈ మాట నీకు ఎవరు చెప్పారు అవ్వా అని అడిగాడు. కోటు తిరగేసేవాడు అడిగితే దాచకూడదు, చెప్పాను. గ్లాసు అక్కడే పెట్టేశాడు. 'అవ్వా, జేమ్స్ పడిన రోజు హ్యూ తెల్లారుజాము నుంచి నా బండిలోనే ఉన్నాడు. చావుకబురు ప్రెస్టన్‌లో మేమిద్దరం కలిసే విన్నాం. వాడు చూసిందెక్కడ? నాకు ఎవరో అన్నారని చెప్పాడు, నీకు చూశానని చెప్పాడా' అన్నాడు."

కాటమ్ ఆమెవైపు తిరిగాడు. "నిన్న నేను మీ ఇంటికి వచ్చానవ్వా. ఎందుకు చెప్పలేదు?"

"నువ్వు నిన్న పొద్దున ఎవరిని చూశావని అడిగావు. చూసినవాళ్ళని చెప్పాను. అడగని చోట హ్యూ తప్పు ఎందుకు ఎత్తుతాను? నిజమైనా సరే, డిట్రాక్షన్ కాదూ? ఆ పాఠం నీకు నేర్పింది నేనేగా, మొట్టికాయలు వేసి." కర్ర నేలకి కొట్టింది. "ఇప్పుడు కోటు వచ్చింది. కోటు ముందు దాస్తే అదే పాపం."

ఒక పాపానికి భయపడి ముసలామె మూసుకున్న నోరు ఒక మనిషిని ఉరికంబం దాకా తీసుకెళ్ళేది. కాటమ్ ఆ మాట అనలేదు. ఇంకెప్పుడూ అనదలుచుకోలేదు.

హ్యూ మొహంలో నవ్వు అలాగే ఉంది, లోపల మనిషి లేడు. చుట్టూ చూశాడు. దారి ఇచ్చేవాళ్ళు లేరు.

"బావుంది. ముసలిదాని మాట పట్టుకుని నన్ను ఉరితీస్తారా? బెర్నార్డ్ వదిన గదిలో చచ్చాడు. నేను అక్కడికి పోలేదు. కోటు సరిచేసి తొడిగింది నేనని ఎవడు చూశాడు? చెప్పండి, ఎవడు చూశాడు?"

గంట ఆగింది.

గేటు దగ్గర నుంచి ఓల్డ్‌రాయిడ్ నడిచి వచ్చాడు. నెమ్మదిగా, పేడ లేని నేల మీద కూడా చూసి అడుగు వేస్తూ.

"కోటు సరిచేసి తొడిగారని ఇన్‌స్పెక్టర్ నాకు ఒక్కడికే చెప్పాడు," అన్నాడు. "మేము చూసేసరికి శవం మీద అది సరిగ్గానే ఉంది. ఇక్కడ అతను ఆ ఊసే ఎత్తలేదు. నేనూ ఎవరికీ చెప్పలేదు. మరి నీకు ఎవరు చెప్పారు, అబ్బాయ్? కోటు ముట్టుకుని చెప్పు."

హ్యూ చెయ్యి గాల్లోకి లేచి, ఏం చెయ్యాలో తెలియక, అక్కడే ఆగింది. ఓల్డ్‌రాయిడ్ దాన్ని పట్టుకున్నాడు. లాంకషైర్‌వాడికి బేడీ పడింది.

ఆగ్నెస్ మెట్ల పక్క నుంచి కదిలింది. ఆచారంలో ఆఖరి పని ఆమెది. కాటమ్ వీపు వెనకకి వచ్చి, నెత్తురంటిన కాలరు పట్టుకుని కోటు ఒలిచింది. సరిగ్గా తిప్పింది. మడత పెట్టి అతని చేతిలో పెట్టింది.

"బెర్నార్డ్ ఇచ్చిన క్షమాపణ నేను తీసుకున్నాను," అంది, ఊరంతా వినేలా.

"వదినా," అన్నాడు హ్యూ. గొంతు సన్నగా ఉంది. "వదినా, నేను కావాలని..."

ఆమె మెట్లెక్కుతూ ఆగింది. తల తిప్పలేదు.

"ఆ పిలుపు కూడా వెనక్కి తీసుకో," అంది. పూజకి లోపలికి వెళ్ళింది.